మూలాపేట టీచరమ్మ దగ్గర చదువుకున్న రోజులు

2007లో సివిల్స్ రాసేవాళ్ళకి మెయిన్స్‌లో, అంటే అసలు రాతపరీక్షలో, మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టులు రెండు ఉండేవి, ఒక్కోదానికి రెండు పేపర్లు, పేపరుకి 300 మార్కులు. 2013 నుంచి ఒక్క ఆప్షనలే చేసి పేపరుకి 250 పెట్టారు గానీ మా రోజుల్లో రెండూ మొయ్యాల్సిందే. నాది బి.ఎస్సీ. కాబట్టి జువాలజీ ఎలాగూ ఒకటి, రెండోది తెలుగు సాహిత్యం తీసుకుంటా అన్నప్పుడు ఇంట్లో ఎవరూ కాదనలేదు. మా నాన్నయితే "తెలుగేగా, మంచిదే" అని పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి పోయాడు. నాకు టెన్త్‌లో తెలుగంటే ప్రాణం, పద్యం ఒకసారి చదివితే రాగంతో సహా గుర్తుండిపోయేది, ఆ ధైర్యంతోనే తీసుకున్నా.

సిలబస్ ప్రింట్ చేతికొచ్చాక అర్థమైంది ఇది ఒంటరిగా చదివేది కాదని. మొదటి పేపర్లో భాషా చరిత్ర, సాహిత్య చరిత్ర. మూల ద్రావిడం నుంచి మొదలుపెట్టి శాసనాల భాష, ధ్వనుల మార్పులు, మాండలికాలు, ఇవన్నీ. రెండో పేపర్లో పాఠ్యగ్రంథాలు, నన్నయ దుష్యంత చరిత్ర, తిక్కన శ్రీకృష్ణ రాయబారం, శ్రీనాథుడి గుణనిధి కథ, పింగళి సూరన సుగాత్రీ శాలీనుల కథ, మొల్ల రామాయణం బాలకాండ, కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం, ఆ తర్వాత గురజాడ, విశ్వనాథ, కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, జాషువా, సినారె, కనుపర్తి వరలక్ష్మమ్మ, ఆత్రేయ, రావిశాస్త్రి. పద్యం ఇచ్చి సందర్భం చెప్పి వ్యాఖ్యానించమంటారు. అదంతా తెలుగులోనే రాయాలి.

మాది కందుకూరు. అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉండేది, 1970లో అది ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడక ముందు నెల్లూరులోనే, మళ్ళీ 2022లో నెల్లూరులో కలిపారు. జిల్లాలు మారినా మా ఊళ్ళో పనులు మాత్రం ఎప్పుడూ రెండు వైపులా ఉండేవి, ఆస్పత్రికి ఒంగోలు, బట్టలకి నెల్లూరు. తెలుగు చెప్పే సార్ కోసం కూడా రెండు వైపులా తిరిగాం. మా కాలేజీ తెలుగు సార్ మంచాయన, సిలబస్ మొత్తం కూర్చోబెట్టి చదివి "అమ్మాయ్, ఇందులో సగం నేను ఎం.ఏ.లో చదివాను, కానీ ఇప్పుడు నీకు న్యాయం చెయ్యలేను, నాకు సాయంత్రం దాకా క్లాసులు" అని ఉన్నమాట చెప్పేశాడు. ఒంగోల్లో ఒక పెద్దాయన అవధానాలు చేస్తాడని తెలిసి పోతే ఆయన పద్యాలు అద్భుతంగా చదివాడు, ఒక పూటంతా చదివాడు, కానీ పరీక్ష అనేసరికి ఆసక్తి చూపలేదు. హైదరాబాద్‌లో అశోక్‌నగర్ వైపు కోచింగ్ ఉందని ఫ్రెండ్స్ చెప్పారు. అక్కడ ఫీజు, హాస్టలు, ఆ ఏడు పొగాకు వేలంలో మా నాన్నకి వచ్చిన రేటు, ఇవన్నీ కలిపి చూసుకున్నాక ఇక ఆ మాట ఎత్తలేదు. కోచింగ్ వాళ్ళ నోట్స్ జిరాక్స్ మాత్రం ఒక అన్న దగ్గర సంపాదించా. అందులో తిక్కన గురించి నాలుగు పేజీలు ఉంటాయి, ఆ నాలుగు పేజీల్లో తిక్కన పద్యం ఒక్కటి కూడా ఉండదు. "నాటకీయత తిక్కన ప్రత్యేకత" అని రాసుంటుంది. ఆ నాటకీయత ఎక్కడుంది, ఎలా చూడాలి అనేది ఎవరు చెబుతారు?

నెల్లూర్లో మా పిన్నీ వాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళింట్లో ఉండి వర్ధమాన సమాజం లైబ్రరీకి పోయి పాత పుస్తకాలు చూసుకుంటూ ఉన్నా. అక్కడికి రోజూ పేపర్ చదవడానికి వచ్చే ఒక తాతగారు నేను శ్రీనాథుడి పుస్తకం ముందేసుకుని తంటాలు పడుతుంటే చూసి "ఎవరి దగ్గర చదువుతుండావమ్మా?" అన్నాడు. ఎవరూ దొరకలేదు తాతా అన్నా. "ఎందుకు దొరకరు, మూలాపేటలో టీచరమ్మ ఉంది కదా. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరైంది. కార్తీకమాసంలో గుళ్ళో భారతం చెబుతుంది, కూర్చున్నోళ్ళు లేవరు" అన్నాడు. అంతకుముందు నేను వెతికిందంతా కాలేజీల్లో, యూనివర్సిటీల వైపు. హైస్కూల్ టీచర్ గురించి నాకే కాదు, నాకు సలహాలిచ్చిన వాళ్ళెవరికీ తట్టలేదు.

మూలస్థానేశ్వర స్వామి గుడి వెనక సందుల్లో అడుగుతూ పోతే ఒక పాత మిద్దె ఇల్లు. వరండాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది ఆవిడ. పక్కనే కుర్చీలో అట్ట ఊడిపోయి దారంతో కట్టిన పుస్తకం, తర్వాత తెలిసింది అది శబ్దరత్నాకరం నిఘంటువని.

"ఎవరమ్మా?"

"కందుకూరు నుంచి వచ్చానమ్మా. తెలుగు లిటరేచర్ చెప్పిచ్చుకోవాలని."

"ఏం పరీక్షకి?"

"సివిల్సుకి."

"నాకు ఆ పరీక్ష తెలీదు గదమ్మా. నేను పిల్లకాయలకి చెప్పినదాన్ని. ఏదీ, సిలబస్ కాయితం ఉంటే ఇట్టియ్యి."

చేతులు కొంగుకి తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం పైనుంచి కింద దాకా చదివింది. చదువుతూ మధ్యలో తల ఊపింది. "నన్నయ ఉండాడు, తిక్కన ఉండాడు, శ్రీనాథుడు ఉండాడు. వీళ్ళంతా నాకు బాగా తెలిసినోళ్ళే. పరీక్ష సంగతి నువ్వు చూసుకో, వీళ్ళ సంగతి నేను చూసుకుంటా" అంది. ఫీజు ఎంతమ్మా అంటే ఒక చిన్న మొత్తం చెప్పింది, వద్దని అనలేదు. "ఉత్తినే చెప్తే నీకు ఒక రోజు రాకపోయినా పర్లేదులే అనిపిస్తుంది, అందుకని" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది.

అట్టా మొదలైంది. కొన్నాళ్ళు పిన్నీ వాళ్ళింట్లో, కొన్నాళ్ళు మా ఊరి నుంచి. మా బస్సు గుడ్లూరు మీదుగా వచ్చి తెట్టు దగ్గర హైవే ఎక్కి కావలి మీదుగా నెల్లూరు చేరేది. గుడ్లూరు ఎర్రన ఊరని మా వైపు పెద్దవాళ్ళు చెప్పుకుంటారు, ఆయన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడు, ఇటు పెన్నా బ్రిడ్జి దాటితే మనుమసిద్ధి రాజు ఏలిన నెల్లూరు, తిక్కన ఊరు. అంటే కవిత్రయంలో ఇద్దరి మధ్య రోడ్డు మీదే నేను రోజూ తిరుగుతున్నా అన్నమాట! ఆ సంగతి ఆవిడే చెప్పింది, చెప్పాక ఆ బస్సు ప్రయాణం నాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

ఆవిడ ఉభయభాషా ప్రవీణ, అంటే తెలుగు, సంస్కృతం రెండూ నేర్పే పండిత కోర్సు, చదివిన మనిషి. ఆ కాలం చదువు ఎట్టా ఉండేదో నేను ఆవిడ దగ్గరే చూశా. ముందు పద్యం పైకి చదవాలి. అర్థం చూడకూడదు. పదం తప్పుగా విరిస్తే ఆపి మళ్ళీ చదివిస్తుంది. తర్వాత పెన్సిల్ తీసుకుని పుస్తకంలోనే పదానికీ పదానికీ మధ్య సన్నగా ఏటవాలు గీత పెడుతుంది, సంధి ఎక్కడ కలిసిందో అక్కడ చిన్న చుక్క. తర్వాత అన్వయం, ఏ మాట ఏ మాటతో పోతుందో. అప్పుడు గానీ ప్రతిపదార్థం రాదు. అన్నిటికంటే చివర వ్యాఖ్యానం. నేను తెచ్చిన కోచింగ్ నోట్స్ చివరిదాంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవి. టీటీడీ వాళ్ళు వేసిన కవిత్రయ భారతం వ్యాఖ్యానంతో సహా ఆవిడ దగ్గర ఉండేది, కానీ మేము చదివి, విరిచి, మా అర్థం మేము చెప్పుకున్నాకే ఆ పుస్తకం తెరవనిచ్చేది.

రాయబారం చెప్పిన రోజులు నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తున్నాయి. సంధికి పోబోయే ముందు కృష్ణుడు పాండవుల్లో ఒక్కొక్కరి మాట వింటాడు కదా, అక్కడ ఆవిడ నన్ను ఆపి ఒకటే అడిగింది, "అందరికంటే కోపం ఎక్కువున్నోడు భీముడు. అతనే మెత్తగా శాంతి అంటుండాడు. ఎందుకంటావ్?" నాకు తోచింది ఏదో చెప్పా. ఆవిడ అవునని కాదని అనకుండా సహదేవుడి మాటల దాకా చదివించింది, అందరికంటే చిన్నవాడు యుద్ధమే కావాలంటాడు, సాత్యకి వంత పాడతాడు, అప్పుడు ద్రౌపది లేస్తుంది. "ఇప్పుడు చెప్పు, ఈ వరస ఇట్టా ఎందుకు పెట్టాడు?" వరస చూస్తే తెలుస్తుంది, భీముడు మెత్తబడితే తప్ప ద్రౌపది మాట్లాడాల్సిన అవసరం అంత గట్టిగా రాదు. మొగుళ్ళంతా సర్దుకుపోతున్నారని కనిపించాక ఆమె తన జుట్టు చేత్తో పట్టుకుని కృష్ణుడి ముందు నిలబడుతుంది, దుశ్శాసనుడి వేళ్ళకి తగులుకుని సగం తెగిపోగా మిగిలిన జుట్టు. టీచరమ్మ ఆ పద్యం చదివేటప్పుడు తన నెరిసిన జుట్టు ముడి విప్పి చేతిలోకి తీసుకుని చదివింది. ఆవిడ నటించలేదు, గొంతు కూడా పెంచలేదు. "ఇక్కడ ఆమె చెయ్యి ఎక్కడుందో చూడు. కృష్ణుడి కళ్ళు ఎక్కడుండాయో చూడు. కవి చెప్పలా, కానీ నీకు కనపడతా ఉంది. పరీక్షలో నాటకీయత అని రాసే ముందు ఇది రాయి" అంది. నాలుగు పేజీల జిరాక్స్‌లో దొరకని నాటకీయత అది.

సిలబస్‌లో ఉన్న పద్యాల దగ్గర ఆవిడ ఆగేది కాదు. సభలో కృష్ణుడు మాట్లాడే దాకా, "సారపు ధర్మమున్ విమల సత్యము" దాకా తీసుకుపోయింది. ధర్మం చెడిపోతుంటే చూస్తూ ఊరుకున్న సమర్థులకే చేటు అని చెప్పే పద్యం. "నువ్వు కలెక్టరు కావాలనుకుంటుండావు కదా, ఇది నోటికి రాకపోతే ఎట్టా?" అంది. సీరియస్‌గానే అంది.

నన్నయ దగ్గర ఇంత నాటకం లేదు, అక్కడ శకుంతల దుష్యంతుడితో నూరు బావుల కంటే ఒక దిగుడుబావి మేలని మొదలుపెట్టి సత్యం దాకా మెట్లు మెట్లుగా ఎక్కే పద్యం ఉంది కదా, దాన్ని ఎట్టా కట్టాడో లెక్కల టీచర్ లాగా చెప్పింది. గుణనిధి కథలో అందరూ శివరాత్రి నాడు దీపం ఎగదోసిన ఘట్టం రాస్తారు, ఆవిడ తల్లి మీద ఎక్కువ సేపు ఉంది. కొడుకు జూదం ఆడుతున్నాడని తెలిసీ మొగుడి దగ్గర దాచిపెట్టి, దాచిపెట్టి, చివరికి ఆ తండ్రికి తన ఉంగరం జూదగాడి వేలికి కనిపించే దాకా వచ్చిన వైనం. "ఇట్టాంటి తల్లుల్ని నేను స్కూల్లో శానామందిని చూశా" అనేది. సుగాత్రి, శాలీనుల కథ మొగుడూ పెళ్ళాల శృంగారం, పెళ్ళికాని పిల్లకి చెప్పడానికి ఆవిడ ఏమాత్రం వెనకాడలేదు. నగలు పెట్టుకున్నప్పుడు కన్నెత్తి చూడని మొగుడు తోటపనిలో చెమటోడుస్తున్న భార్యని చూసి మనసు పారేసుకోవడం సూరన ఎంత కొత్తగా ఊహించాడో తృప్తిగా చెప్పింది.

శాసనాల పాఠం ఇంకో రకంగా గుర్తుంది. సాహిత్య చరిత్రలో నన్నయకి ముందు తెలుగు పద్యం ఉందా అంటే అద్దంకి శాసనం చెప్పాలి, పండరంగడనే సేనానిది, క్రీ.శ. 848 ప్రాంతం, తరువోజ పద్యం. నేను ఆ వివరాలు బట్టీ పట్టి అప్పజెప్పా. "పద్యం చదివావా?" అంది. లేదన్నా. లోపల్నుంచి ఒక పుస్తకం తెచ్చి చదివించింది, చదువుకుంటూ పోతే "కందుకూర్బెజవాడ గావించె మెచ్చి" అని వచ్చింది. మా ఊరు! నన్నయ కంటే రెండొందల ఏళ్ళ ముందు రాతి మీద చెక్కిన తెలుగు పద్యంలో మా ఊరి పేరు ఉంది, నేను పుట్టి పెరిగి డిగ్రీ దాకా అక్కడే చదివితే ఎవరూ నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి మా నాన్నకి చదివి వినిపించా, ఆయన మర్నాడు పొగాకు బోర్డు దగ్గర ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. మా ఊరి స్కూళ్ళలో ఆ పద్యం గోడ మీద రాయించాలని నాకు ఇప్పటికీ కోరిక.

భాషాశాస్త్రం దగ్గర మాత్రం ఆవిడ "ఇది నా చదువు కాదు" అని చెప్పేసింది. కావలిలో తనకి తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్‌కి ఉత్తరం రాసిచ్చి పంపింది. ఆ లెక్చరర్ గారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకత్వం వహించిన తెలుగు భాషా చరిత్ర పుస్తకం నా చేత అధ్యాయం అధ్యాయం చదివించారు, భద్రిరాజు గారు పుట్టింది ఒంగోల్లోనే అని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. ఆ పేపర్‌కి అది చాలింది. మాండలికాల గురించి మాత్రం టీచరమ్మ ఒక పని చెప్పింది, నెల్లూరు బస్టాండులో ఒక గంట కూర్చుని ఉదయగిరి వాళ్ళు, ఆత్మకూరు వాళ్ళు, కోట వాకాడు వాళ్ళు, మా కందుకూరు వాళ్ళు ఎట్టా మాట్లాడుతున్నారో విని రాసుకురమ్మంది. రాసుకొచ్చా. పరీక్షలో ఆ ఉదాహరణలే వాడుకున్నా.

ఆధునికం అంతా ఆవిడకి రాదు. జాషువా గబ్బిలం నోటికొచ్చు, ఏడుస్తూ చదివేది. రావిశాస్త్రి నవల అల్పజీవి మాత్రం అంతకుముందు చదవలేదు. "ఇద్దరం కలిసి చదువుదాం" అని నా కాపీ తీసుకుని రాత్రంతా చదివి మర్నాడు అందులోని సుబ్బయ్య గురించి నన్ను ప్రశ్నలు వేసింది. అరవై దాటాక కొత్త పుస్తకం మీద అంత ఆసక్తి చూపించే టీచర్‌ని నేను మళ్ళీ చూడలేదు. వరలక్ష్మమ్మ గారి శారద లేఖల్ని కోచింగ్ నోట్స్ అర పేజీలో తేల్చేసింది, స్త్రీల సమస్యలు, సంస్కరణ, సరళ భాష, అయిపోయింది. ఆవిడకి అది సరిపోలేదు. శారద కల్పలతకి రాసే ఆ ఉత్తరాల్ని ఒక్కోటి ఒక్కో మధ్యాహ్నం చదివించింది, పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. బాపట్లలో ఇంటి పనులు చేసుకుంటూ వరలక్ష్మమ్మ గారు దేశంలో జరిగే సంగతులన్నీ ఆడవాళ్ళకి ఉత్తరాల్లో చెప్పింది చూడండే అని వాళ్ళకి చెప్పేది. ఆ పక్కింటావిడ ఒకామె చదువు రానిది, తర్వాతి ఉత్తరం ఎప్పుడు చదువుతారని నన్ను అడిగేది.

ఇక రాయించడం. పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీసుకుపోయి ఇచ్చా, టైం పెట్టుకుని రాసేదాన్ని. ఆవిడ ఎర్ర పెన్ను వాడదు, అదే పెన్సిలు. నేను "అద్భుతంగా వర్ణించాడు", "మహోన్నతంగా చిత్రించాడు" అని రాసిన చోటల్లా సున్నా చుట్టి పక్కన "ఏ పద్యం?" అని రాసేది. పేజీకి అయిదారు చోట్ల అదే ప్రశ్న. మొదట్లో కష్టమనిపించేది, పోను పోను పెన్ను పట్టుకుంటేనే ఆ ప్రశ్న ముందొచ్చేది, దాంతో పొగడ్త మాట రాసే బదులు పద్యంలో ఒక ముక్క ఎత్తి రాయడం అలవాటైంది. తెలుగు ఆప్షనల్ తీసుకునే వాళ్ళకి నేను ఇచ్చే సలహా ఏదన్నా ఉంటే ఇదే, మీ ఆన్సర్‌లో ప్రతి విశేషణం పక్కన ఏ పద్యం అని మిమ్మల్ని మీరే అడగండి.

హైదరాబాద్‌లో మెయిన్స్ రాశా. పాఠ్యగ్రంథాల పేపర్ రాస్తున్నంతసేపు పద్యాలు ఆవిడ గొంతులోనే వినిపించాయి. నా మార్కుల్లో తెలుగువే ఎక్కువ, ఇంటర్వ్యూ దాకా పోయాను, ఫైనల్ లిస్టులో నా పేరు రాలేదు. తర్వాత గ్రూప్-2లో ఉద్యోగం వచ్చింది, ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చేశా. అది ఏ పరీక్ష కోసమూ కాదు, చదవాలనిపించి చదివా.

మా జిల్లాల్లో ఇట్టాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. భాషాప్రవీణ, విద్వాన్ చదివి హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన పండిట్లు, కొండపి వైపు, పొదిలి వైపు, వెంకటగిరి, గూడూరు వైపు. వాళ్ళకి బోర్డు ఉండదు, నెట్‌లో వెతికితే కనపడరు. పరీక్ష పేరు వాళ్ళకి తెలియకపోవచ్చు. మీరు వాళ్ళ దగ్గరికి పోతే ముందు సిలబస్ చూపించి, ఇందులో మీరు ప్రేమగా చెప్పేది ఏదని అడగండి, దాంతోనే మొదలుపెట్టండి. మిగతాది ఎవరి దగ్గర చెప్పించుకోవాలో వాళ్ళే చెబుతారు. ఊళ్ళో పాత హైస్కూల్ ఆఫీసులో అడిగినా, గ్రంథాలయంలో రోజూ పేపర్ చదివే పెద్దవాళ్ళని అడిగినా ఆచూకీ దొరుకుతుంది. ఫీజు మాత్రం తప్పకుండా ఇవ్వండి, వాళ్ళు వద్దన్నా సరే.

టీచరమ్మ ఇప్పుడు తిరుపతిలో కూతురి దగ్గర ఉంది. చూపు కొంచెం తగ్గింది, జ్ఞాపకం ఏమాత్రం తగ్గలేదు. 2020లో లాక్‌డౌన్‌లో ఇద్దరం ఇళ్ళల్లో ఉండిపోయినప్పుడు ఆవిడే ఫోన్ చేసి "పరీక్ష కోసమని రాయబారం దగ్గర ఆపేశాం, మిగతాది చదవవా?" అంది. ఆదివారం ఆదివారం ఫోన్ స్పీకర్లో పెట్టుకుని నేను చదువుతా, తప్పు విరిస్తే ఆవిడ ఆపుతుంది. ఉద్యోగపర్వం పూర్తయింది, భీష్మపర్వం, ద్రోణపర్వం అయినాయి. ఇప్పుడు కర్ణపర్వంలో ఉన్నాం.